మంగళవారం మడుగు

ఆ వాగు పేరు మాత్రం నన్ను అడక్కండి. మనుషుల పేర్లు చెప్తాను, ఎవరికి ఎన్ని పళ్ళు కట్టించినవో చెప్తాను, ఏ టెంటులోంచి ఎలాంటి గురక వచ్చిందో కూడా చెప్తాను. వాగు పేరు చెప్పను. దేశానికి దక్షిణపు కొసన ఉన్న మా సౌత్‌ల్యాండ్‌లో ట్రౌట్ చేపలకి గాలం వేసేవాళ్ళెవరూ చెప్పరు. ఎవరైనా చెప్పారంటే అది అబద్ధమై ఉండాలి, లేదా వాళ్ళకి జ్వరం వచ్చి ఉండాలి.

మా ఊళ్ళో మనిషి తన మోకాలి ఆపరేషను గురించి, పెళ్ళాంతో పడ్డ గొడవ గురించి దుకాణంలో నిలబడి అరగంట చెప్తాడు. ఈ చేప ఎక్కడ పట్టావయ్యా అంటే మాత్రం "మూతి దగ్గర" అంటాడు. నోయలీన్‌నే తీసుకోండి. నలభై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైంది, జిల్లాలో ప్రతి గేటూ ప్రతి కుక్కా తనకి తెలుసు. అయినా చేపలకి బయల్దేరితే ముందు ఉత్తరం వైపు వెళ్ళి, పన్నెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి, అప్పుడు దక్షిణానికి వెళ్తుంది. మతియూ మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టే మనిషి, తలుపు దగ్గర వంగితే గానీ లోపలికి పట్టడు. తిరిగొచ్చేటప్పుడు ఏదో ఒక వంతెన కింద ఆగి, బండి చక్రాల బురద కడిగేసి, అక్కడి బురద కొంచెం పూసుకుని వస్తాడు. ఇక నేను, షోనా. స్కూలు బస్సు నడుపుతాను. గురువారం గురువారం పొద్దున పిల్లల్ని దింపాక ఇన్వర్‌కార్గిల్ పట్నంలో మా చెల్లెలి ఇంటికి వెళ్తానని ఊరంతా నమ్ముతుంది. చెల్లెలికి ఒంట్లో ఎలా ఉందని పంతొమ్మిదేళ్ళుగా అడుగుతున్నారు. నాకు చెల్లెలు లేదు.

అలాంటి మా మధ్యలో కూర్చుని లాకీ ఆ మాట అన్నాడు.

లాకీ గొర్రెల బొచ్చు కత్తిరించి కత్తిరించి నడుం వంగిపోయిన మనిషి, డెబ్భై తొమ్మిదేళ్ళు, మా ఎదురింటాయన. ప్రతి బుధవారం నాలుగింటికి రగ్బీ మైదానం వెనక గదిలో మా గాలాల సంఘం కూడుతుంది. సంఘంలో ముప్ఫై మంది ఉన్నారు గానీ మిగతా ఇరవై ఆరు మందీ క్రిస్మస్ లాటరీకి తప్ప రారు. ఏప్రిల్ మొదటి బుధవారం, మాకు చలికాలం ముంగిట, మేం నలుగురమే ఉన్నాం.

"నెలాఖరుకి చేపల సీజను మూసేస్తారు గదా" అన్నాడు లాకీ, టోపీని మోకాలి మీద తిప్పుకుంటూ. "అందరం కలిసి ఓ రెండ్రోజులు పోదామా? టెంట్లు వేసుకుని. ఊరికే, సరదాగా."

మతియూ చీజ్ రోల్ నోటి దాకా తెచ్చి ఆపేశాడు. "అందరం అంటే?"

"మనం నలుగురం."

"కలిసి అంటే?"

"కలిసి అంటే కలిసేరా! ఒకే చోటికి, ఒకే రోజు."

మతియూ చీజ్ రోల్ కింద పెట్టేశాడు. వాడు తిండి మధ్యలో ఆపగా నేను చూడటం అదే మొదలు.

"మంచి ఆలోచన" అంది నోయలీన్, పిప్పి పన్నుతో రాయి కొరికినట్టు మొహం పెట్టి. "ఎక్కడికి?"

అదే కదా అసలు ప్రశ్న. మతియూ ఫ్యాక్టరీ వెనక చెరువుకి పోదామన్నాడు. అందులో బాతులు తప్ప ఏమీ లేవు. నోయలీన్ ఒక సరస్సు పేరు చెప్పింది. అక్కడ చేపలు చచ్చిపోయి తొమ్మిదేళ్ళయింది. నేను ఊరి వంతెన కింద అయితే అందరికీ దగ్గర అన్నాను. అక్కడ అమ్మలు చంటిపిల్లల్ని ఈతకి తీసుకొస్తారు. నలుగురికీ నలుగురి సంగతీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు. సంఘం పుస్తకంలో నేనే రాశాను: చోటు తర్వాత నిర్ణయించాలి.

చోటు తప్ప మిగతావన్నీ ఆ రోజే నిర్ణయమైపోయాయి. చీజ్ రోల్స్ తలకి పద్నాలుగు. మతియూ గురక మనుషులకి తగనిది కాబట్టి వాడి టెంటు అందరికీ నలభై అడుగుల దూరంలో, గాలికి కింది వైపున. వాన వస్తే ఏం చెయ్యాలన్నది అరగంట నడిచింది. తడవాలని తేలింది. నోయలీన్ దాన్ని ప్రతిపాదించింది, మతియూ బలపరిచాడు, పుస్తకంలో ఎక్కించాను. కెటిల్ ఎవరు తేవాలన్న దగ్గర మాత్రం మాటలు పెరిగాయి. గతంలో మతియూ ఒకసారి అందులో ఎర కోసం రొయ్య గుడ్లు దాచాడట.

"సరదాగా అన్నాను గదరా, ఇదంతా ఎందుకు?" అని లాకీ విసుక్కున్నాడు.

"సరదా అన్నది ఏడో అంశం. ఇంకా అక్కడికి రాలేదు" అన్నాను నేను.

నాకు కోపంగా ఉంది, దాచుకోను. వెధవ ప్రయాణం. చేపల దగ్గరికి నేను వెళ్ళేదే మనుషులు లేకుండా ఉండటానికి. వారమంతా ముప్ఫై నలుగురు పిల్లలు నా వెనక కూర్చుని అరుస్తారు. గురువారం ఆ కొన్ని గంటలూ నా చెవులకి సెలవు. ముసలాయనకి పిచ్చి పట్టిందనుకుంటూ ఇంటికి నడిచాను.

దారిలో ఆయన షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే తలుపు తీసి ఉంది. లోపల ఆయన పికప్ బండి తళతళా మెరుస్తోంది. చక్రాలకి కూడా మెరుగు పెట్టాడు. నేను ఆగిపోయాను. నలభై ఏళ్ళుగా మంగళవారం పొద్దున ఆరింటికి ఆ బండి మా గేటు ముందు నుంచి దగ్గుతూ వెళ్తుంది, ఆ దగ్గుకే నేను టీ పెట్టుకుంటాను. ఆ మధ్య మంగళవారాలు నాకు టీ ఆలస్యమవుతోంది. ఎందుకో ఆలోచించనే లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఐదు మంగళవారాలు ఆ బండి కదల్లేదు.

రెండో బుధవారం ఆయనే చెప్పేశాడు.

"నాకో చోటు తెలుసు" అన్నాడు.

పెళ్ళిలో ఎవరో లేచి అభ్యంతరం ఉందన్నట్టయింది.

"మంచి మడుగు. మిమ్మల్ని తీసుకెళ్తాను. కాకపోతే బండి ఎవరైనా నడపాలి. లైసెన్సు లాగేసుకున్నారు."

"ఎవరు?" అంది నోయలీన్.

"కళ్ళ డాక్టరు. నడిమధ్యన మసక. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. నీ చెవులు చక్కగా కనిపిస్తున్నాయి నోయలీన్, నీ మొహమే లేదు."

"అదృష్టవంతుడివి" అన్నాడు మతియూ.

అందరం నవ్వాం, లాకీ కూడా. అప్పుడు అర్థమైంది నాకు ఈ సరదా ప్రయాణం ఏమిటో. సీజను మూసేలోపల ఆయన తన మడుగుని ఒక్కసారి చూడాలి, లేదా ఆ మసకలోంచి చూసినంత చూడాలి. అక్టోబరులో మళ్ళీ తెరిచేసరికి కళ్ళు ఎంత మిగులుతాయో ఎవరికి తెలుసు? తీసుకెళ్ళమని అడిగితే మాలో ఎవరైనా పరిగెత్తుకొస్తాం. అడగాలంటే ఎక్కడికో చెప్పాలి. చెప్పడం కన్నా వరండాలో కూర్చుని చావడం నయం అనుకునే జాతి మాది.

"షోనా నడుపుతుంది" అంది నోయలీన్. "స్కూళ్ళకి సెలవులిస్తున్నారు, చిన్న బస్సు ఖాళీగానే ఉంటుంది."

"నడుపుతుంది. కానీ చోటు ఎక్కడో మీలో ఎవరికీ తెలీకూడదు" అన్నాడు లాకీ.

"మరి ఎలా వస్తాం?"

"కళ్ళకి గుడ్డ కట్టుకుని."

ఆ మాట మీద రెండు గంటలు చర్చ జరిగింది. గుడ్డ కట్టాలా వద్దా అని కాదు. అది సబబేనని అందరం వెంటనే ఒప్పుకున్నాం. తన మడుగుకి పిలిచినవాడు గుడ్డ కట్టమనడం కనీస మర్యాద. చర్చంతా డ్రైవరు గురించి.

"నాకూ కడితే బస్సు వాగులోకే నేరుగా వెళ్తుంది. దారి వెతుక్కోనక్కర్లేదు" అన్నాను.

"నేను తోలతాను. నా పక్కలు నేను చూసుకుంటా, ఎదురుగా ఏముందో నువ్వు చెప్పు" అన్నాడు లాకీ.

"నోరు మూసుకో పెద్దాయనా."

"పోనీ, జిల్లాలో బోర్డులన్నీ ముందు రోజు రాత్రి పీకేస్తే?" అన్నాడు మతియూ.

"నలభై ఏళ్ళు ఆ బోర్డులు చూసే నేను ఉత్తరాలు పంచాను. ఒక్కటి పీకి చూడు, నీ వేళ్ళు పీకుతాను" అంది నోయలీన్. అంతలోనే దానికి ఒక ఉపాయం తట్టింది. దాని మరిది పందెం గుర్రాలు పెంచుతాడు. గుర్రం పక్కలకి చూడకుండా కంటికి అటూ ఇటూ తోలు గంతలు కడతారు కదా. అవి నాకు కడితే ఎదురుగా రోడ్డు కనిపిస్తుంది, పక్కనున్న బోర్డులూ కొండలూ కనిపించవు.

లాకీ మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు చూడండి, ఎంత తేలిగ్గా తేలిపోయిందో. నాకు పక్కలు, షోనాకి ఎదురు. ఇద్దరం కలిస్తే ఒక నిండు మనిషి."

నా తల గుర్రం తల కన్నా చిన్నది. గంతల తోలుకి కొత్త కన్నాలు పొడిచారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రగ్బీ మైదానం చుట్టూ బస్సుతో సాధన చేశాం. వెనక సీటులో మతియూ, నోయలీన్ గిన్నెలు తుడిచే గుడ్డలు కళ్ళకి కట్టుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నోయలీన్ గుడ్డ మీద రాణీగారి బొమ్మ ఉంది. మూడో చుట్టులో పోలీసు కారు వచ్చి అడ్డంగా ఆగింది. మా కానిస్టేబులు దిగి నా కిటికీ దగ్గరికొచ్చాడు. గంతల్లో నాకు అతని బొత్తాలు మాత్రం కనిపించాయి.

"ఏంటి షోనా ఇది? వెనక వాళ్ళని ఎత్తుకెళ్తున్నావా?"

"చేపలకి వెళ్తున్నాం. లాకీ చోటుకి" అన్నాను.

"ఓ" అన్నాడతను. అంతే, రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎటు వైపో నాకు చెప్పకండి. నేనేమీ వినలేదు." కారెక్కి, మేం ఎటు తిరుగుతామో కంట పడకుండా మొహం పక్కకి పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతనికీ ఎక్కడో ఒక మడుగు ఉండి ఉండాలి.

ఏ రోజు వెళ్ళాలన్న దగ్గర మాత్రం లాకీ చర్చకి ఒప్పుకోలేదు. మంగళవారమే అన్నాడు.

మంగళవారం పొద్దున ఆరింటికి మంచు పడి గడ్డి తెల్లగా ఉంది. లాకీ నా పక్క సీటులో గాలపు కర్రని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. వెనక గుడ్డలు కట్టుకుని ఇద్దరు, వాళ్ళ వెనక యాభై ఆరు చీజ్ రోల్స్. ఆయన దారి చెప్పే పద్ధతే వేరు. బోర్డుల పేర్లు ఎత్తడు. కుదుపులు లెక్కపెడతాడు, వాసన చూస్తాడు.

"రోడ్డుకి అడ్డంగా ఇనప కడ్డీలు వస్తాయి, పశువులు దాటకుండా వేసినవి. అవి రెండుసార్లు గడగడలాడాక పులిసిన గడ్డి కంపు కొడుతుంది. కంపు ముక్కులోకి రాగానే ఎడమకి తిప్పు."

కడ్డీలు మొదటిసారి గడగడలాడినప్పుడు ఈ చప్పుడు ఎక్కడో విన్నాననిపించింది. రెండోసారి గడగడకి ముందే లెక్కపెడుతున్నాను. పశువుల కోసం గడ్డి పులియబెట్టే గుంట దగ్గర ఎడమకి తిప్పేసరికి నాకింక అనుమానం లేదు.

అది నా దారి. ఆ దారి చివర ఉన్నది నా మడుగు. నా గురువారం, నా చెల్లెలి ఇల్లు!

పంతొమ్మిదేళ్ళు! ఎవరో మంగళవారం వస్తారని నాకు తెలుసు. గట్టు మీద గడ్డి నలిగి ఉండేది, మడత స్టూలు కాళ్ళు దిగిన నాలుగు గుంటలు ఉండేవి. జాడ చూశాక ఆ రోజుని వాళ్ళకే వదిలెయ్యాలి, అది మాలో పద్ధతి. వదిలేశాను. కానీ ఆ స్టూలు మా ఎదురింటి వరండాలోదని కలలో కూడా అనుకోలేదు. కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంలో మర్చిపోయి, మలుపు తర్వాత ఉండే పెద్ద గొయ్యి కోసం బ్రేకు మీద కాలు పెట్టేశాను. లాకీ ఇంకా గొయ్యి మాట ఎత్తనే లేదు. చటుక్కున కాలు తీసి, తెలియనిదాన్లా గొయ్యిలోకే నేరుగా దింపాను. బస్సు ఎగిరిపడింది. నేను సారీ చెప్దామని అద్దంలోకి చూశాను.

వెనక మతియూ కళ్ళకి గుడ్డతో కూర్చుని టీ ఫ్లాస్కుని రెండు చేతులా ఛాతీకి అదుముకుని ఉన్నాడు. గొయ్యి రాకముందే పట్టుకుంటే తప్ప అలా పట్టుకోలేడు. నేను అద్దంలోంచి చూపు తిప్పలేదు. ఆ గొయ్యి తర్వాత రోడ్డు కుడికి వంకర తిరుగుతుంది. వంకర ఇంకా ఇరవై గజాలుందనగా నోయలీన్, రాణీగారి బొమ్మ కింద కళ్ళు మూసుకునే, మెల్లిగా కుడికి వాలింది. దాని పక్కన మతియూ కూడా వాలాడు. తర్వాత ఎడమ వంకర. ఇద్దరూ ముందే ఎడమకి వాలారు. తర్వాత రోడ్డు మీదికి కొమ్మ వాలిన విల్లో చెట్టు. మతియూ బస్సులో కూర్చుని తల వంచాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గంతల మధ్య నుంచి రోడ్డు చూస్తూ నడిపాను.

మడుగు దగ్గర ముందుగా కుక్క ఎదురొచ్చింది. ఆ పొలం వాళ్ళ కుక్క, నలుపూ తెలుపూ. గుడ్డలు విప్పుకుని దిగుతున్న మతియూ మీదికి ఎగిరి వాడి కుడి జేబులో ముక్కు పెట్టింది. అక్కడి నుంచి నోయలీన్ దగ్గరికెళ్ళి వెల్లకిలా పడుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి నా ఎడమ బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది. ప్రతి గురువారం అదే పని దానికి.

"మనుషులంటే భయం లేదు దీనికి" అన్నాను.

"అవునవును, కొత్తవాళ్ళయినా సరే" అంది నోయలీన్.

"అబ్బ, ఎంత చక్కని చోటు! జన్మలో చూళ్ళేదు!" అన్నాడు మతియూ. వాడు మరీ గట్టిగా అన్నాడు, అటుపక్క గొర్రెలు తలెత్తి చూశాయి. అలా అంటూనే పశువులు దాటకుండా కట్టిన, గడ్డిలో కనిపించని కరెంటు తీగని కిందికి చూడకుండా దాటేశాడు. నోయలీన్ దాటింది. నేనూ దాటాను. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం, చటుక్కున మొహాలు తిప్పుకున్నాం. లాకీ తన కర్రతో తీగని తడిమి, ఆఖర్న దాటాడు.

గాలం వెయ్యడానికి ఆయన పక్కన నన్ను నిలబెట్టుకున్నాడు. నీళ్ళ మీద తేలే ఈగలాంటి ఆ చిన్న గాలం ఆయనకి కనిపించదు. చేప అందుకోగానే నేను "ఇప్పుడు" అనాలి, ఆయన లాగాలి. అది మా ఒప్పందం. విల్లో నీడలో గాలం పడింది, ముసలి చెయ్యి ఇంకా అంత మెత్తగా వేస్తుంది. నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను. గాలం అలాగే తేలుతోంది.

"వచ్చింది" అని లాకీ లాగాడు.

నేను ఇంకా నోరు తెరవలేదు. కర్ర వంగిపోయింది.

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"చప్పరించింది గదా. వినపళ్ళా?"

చేపని నీళ్ళలోనే రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. గోధుమరంగు ట్రౌట్, నా మోచెయ్యంత ఉంది. తల నుంచి తోక దాకా బొటనవేలితో తడిమాడు, మళ్ళీ వెనక్కి తడిమాడు. మొహం పక్కకి పెట్టి, కంటి చివర నుంచి దాన్ని చూశాడు. తర్వాత వేళ్ళు విప్పాడు. చాలాసేపు ఆ నీళ్ళలో చేతులు అలాగే ఉంచుకున్నాడు. నేను బూటు లేసు కట్టుకోవడానికి వంగాను.

సాయంత్రం టెంట్లు వేసి, పొయ్యి రాజేసి, దాని చుట్టూ చీజ్ రోల్స్ కాల్చుకుంటూ కూర్చున్నాం. మతియూ టెంటు నలభై అడుగుల దూరంలో వేశాం, నోయలీన్ అడుగులతో కొలిచింది.

"మతియూ, పొద్దున్నే నువ్వు ఎగువనున్న రాయి మీద నిలబడు" అన్నాడు లాకీ. "ఆదివారాలు నువ్వు నిలబడేదే."

మతియూకి పొలమారింది.

"నోయలీన్‌కి శనివారాలు ఇసక వైపు అలవాటు. నువ్వు షోనా, విల్లో కింద. నీ ఎడమ మడమ కొంచెం ఈడుస్తావు. గురువారం నీ అడుగులు నాకు మంగళవారానికి కూడా ఉండేవి, వాన పడకపోతే. మీ చెల్లెలికి ఎలా ఉంది?"

ముగ్గురిలో ముందు నాకే నోరొచ్చింది, కోపం వస్తే నాకు అలాగే వస్తుంది.

"ముసలి దొంగా! అన్నీ తెలిసి మా కళ్ళకి గుడ్డలు కట్టిస్తావా? నా మొహానికి గుర్రం గంతలు పెట్టిస్తావా?"

"కట్టకపోతే ఎలాగే అమ్మాయ్? దారి పొడుగునా ఇదెక్కడో మాకు తెలీదని మీరు అబద్ధం ఆడుతూ రావాలి. మీకు సరిగ్గా చేతకాదు కూడా, మతియూని చూశావుగా. గుడ్డ కట్టుకున్నవాడిని ఎవరూ అడగరు." ఆయన రోల్‌ని తిప్పి కాల్చాడు. "నలభై ఏళ్ళల్లో మంగళవారం నాడు ఈ గట్టు మీద నాది కాని తాజా అడుగు ఒక్కటి చూళ్ళేదు. ఎవరిదో తెలీకుండానే వదిలేశారు. అలాంటివాళ్ళని కాక ఇంకెవర్ని తీసుకొస్తాను?"

కాసేపటికి నోయలీన్, వచ్చే ఏడాదికి కెటిల్ ఎవరు తేవాలని అడిగింది, మళ్ళీ ఆ గొడవ మొదలైంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు గుడ్డలు ఎవరూ కట్టుకోమనలేదు. వాళ్ళే కట్టుకున్నారు.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున ఆరింటికి మా గేటు చప్పుడైంది. లాకీ నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో గాలపు కర్ర, ఇంకో చేతిలో గంతలు. నేను ఒక్క మాట కూడా అడక్కుండా తొడుక్కున్నాను. ఏప్రిల్ చివరి మంగళవారం కూడా అంతే. సీజను మూసేశారు. చలికాలమంతా ఆయన గంతల తోలుకి నూనె రాసి ఉంచాడు.

అక్టోబరు మొదటి మంగళవారం, సీజను తెరిచాక, మళ్ళీ బయల్దేరాం. ఈసారి మెట్టెక్కడానికి ఆయన నా భుజం పట్టుకున్నాడు. గంతలు నాకు ఇచ్చేటప్పుడు నా మొహం వైపు కాక కొంచెం పక్కకి చాపాడు. దారిలో కడ్డీలు ఒకసారి గడగడలాడాయి, రెండోసారి గడగడలాడాయి. ఆయన ముక్కు ఎగబీల్చాడు. కంపు రాలేదు. చలికాలంలో పొలం వాళ్ళు ఆ గడ్డి గుంట పూడ్చేసి, ఎక్కడో కొట్టం వెనక కొత్తది తవ్వుకున్నారు. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు, వేళ్ళు గాలపు కర్ర మీద బిగుసుకున్నాయి. నేను చప్పుడు కాకుండా ఎడమకి తిప్పేశాను.

గొయ్యి దాటాం. వంకరలు రెండూ దాటాం. విల్లో కొమ్మ బస్సు పైన గీసుకుంది. అటు నుంచి గాలి మళ్ళి, కొత్త గుంట కంపు గుప్పున లోపలికొచ్చింది.

"ఇదిగో, ఇక్కడే" అన్నాడు లాకీ, ఊపిరి వదిలి. "ఎడమకి తిప్పు."

ఎడమన కరెంటు తీగ, దాని వెనక మడుగు. నేను స్టీరింగు కొంచెం ఎడమకి ఊపి, మళ్ళీ సరిచేశాను.

"తిప్పాను" అన్నాను.

"బోర్డు చూశావా?"

"గంతలున్నాయిగా పెద్దాయనా, ఏం చూస్తాను?"

"అదీ" అన్నాడు. "చూడకు."